ఇంట్లో సర్క్యూట్ బోర్డుల తయారీ – మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. సంఘం మీటింగులో మాట్లాడడం అలవాటే గానీ ఇంతమంది ముందు మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారి. "మీ సంఘపోళ్లు ఇంట్లనే కరెంటు బోర్డులు చేస్తున్నరట గదా, అదేందో మహాసభల చెప్పు" అని అధ్యక్షురాలు అక్క అడిగితే కాదనలేకపోయాను. కానీ ఒక మాట ముందే చెప్తున్నా. మంచి ఒక్కటే చెప్పి చెడ్డ దాచిపెడితే, రేపు మీలో ఎవరో మొదలుపెట్టి మేం పడ్డ గుంతలోనే పడతారు. అందుకని రెండూ చెప్తాను. లెక్కలు కూడా ఉన్నవి ఉన్నట్టు చెప్తాను.

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఒక పక్క గోధుమరంగు, ఇంకో పక్క రాగి గీతలు. దీన్నే సర్క్యూట్ బోర్డు అంటారు. మీ అందరి ఇళ్లల్లో ఇది ఉంది. టీవీ రిమోట్ విప్పితే ఉంటుంది, ఫోన్‌లో, చార్జింగ్ లైటులో ఉంటుంది. లోపల వైర్లు గందరగోళంగా తిప్పే బదులు ఆ వైర్ల పని రాగి గీతలు చేస్తాయి. మనం చుక్కల ముగ్గు వేసేటప్పుడు ఏ చుక్కకు ఏ చుక్క కలపాలో చూసుకుంటామే, ఇదీ అంతే. కలవాల్సినవి కలవాలి, కలవకూడనివి తగలకూడదు.

దీన్ని కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు. ఆస్ట్రియా దేశంలో పుట్టాడు. 1936లో అక్కడ బతకలేక లండన్ వెళ్లి, అద్దె గదిలో ఉంటూ ఇలాంటి బోర్డుతో ఒక రేడియో తయారుచేశాడు. అంతకు ముందు ఆయనకు అచ్చు పనితో పరిచయం ఉంది. ఆ అచ్చు పద్ధతినే కరెంటు గీతలకు వాడాడు. మా ఆడపడుచు కూతురు ఈ సంగతి చెప్పినప్పుడు మా సంఘంలో ఒక అక్క అన్నది, "అంటే మొదాలు ఇంట్లనే చేసిండన్న మాట. మరి మనమెందుకు చెయ్యొద్దు?" మా పని ఆ మాటతోనే మొదలైంది.

ఆ అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదువుతుంది. ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చింది. మా ఊళ్లో ప్రతి ఇంటి మీద ఇప్పుడు నీళ్ల ట్యాంకు ఉంది. మోటారు వేసి మరిచిపోతాం, నీళ్లు గోడ మీద నుంచి కారిపోతాయి, పక్కింటోళ్లు అరుస్తారు. అది చూసి ఆ అమ్మాయి, "అత్తా, ట్యాంకు నిండంగనే మోగే అలారం చేసుడు చాలా సులువు" అన్నది. ట్యాంకు పైఅంచు దగ్గర రెండు స్టీలు స్క్రూలు పెట్టి వాటికి వైర్లు కట్టాలి. నీళ్లు ఆ రెండింటికీ తగిలితే నీళ్లలో నుంచి కొంచెం కరెంటు పోతుంది. ఆ కొంచెం కరెంటుతో ట్రాన్సిస్టర్ అనే చిన్న వస్తువు తెరుచుకుని బజర్‌ను మోగిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ చాలు, ఇంటి కరెంటు అక్కరలేదు. షాక్ భయం లేదు. అందుకే ఆ వస్తువుతో మొదలుపెట్టాం.

మా సంఘంలో పది మందిమి. అందులో ఐదుగురం ముందుకొచ్చాం. గ్రామ సంఘం నుంచి 30,000 రూపాయలు అప్పు తీసుకున్నాం. మిగతా ఐదుగురు సంతకం పెట్టారు గానీ, మనసులో ఇష్టం లేదు. "కుట్టుమిషన్లు, పచ్చళ్లు ఉండంగ ఇంజనీర్ల పని మనకెందుకు" అన్నారు. వాళ్లదీ తప్పు కాదు. అప్పు పది మంది పేరు మీద ఉంది కదా.

సామాన్లకు హైదరాబాద్ పోయాం. కోఠిలో గుజరాతీ గల్లీ అని ఉంది. గల్లీ పొడుగునా ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలే. రూపాయి, రెండు రూపాయల వస్తువు కూడా గింజల్లా లెక్కపెట్టి ఇస్తారు. రాగి రేకు అతికించిన బోర్డు రెండు రకాలు ఉంటుందని అక్కడ తెలిసింది. గోధుమరంగుది ఒకటి, దాన్ని దుకాణంవాళ్లు హైలమ్ అంటారు. ఇంకోటి పచ్చగా కొంచెం అవతల కనబడేటట్టు ఉంటుంది, అది గ్లాస్ ఎపాక్సీ. గ్లాసుది గట్టిది, ధర ఎక్కువ. దాన్ని కోసినా, బెజ్జం వేసినా గాజు పొడి లేస్తుంది, ఊపిరిలోకి పోతే మంచిది కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు గోధుమరంగుదే నయం. దాని పొడి కూడా పీల్చవద్దు, ముక్కుకు మాస్క్ కట్టుకోవాల్సిందే.

ఇప్పుడు తయారీ చెప్తాను, జాగ్రత్తగా వినండి.

మొదట రాగి రేకును గిన్నెలు తోమే పచ్చ పీచుతో, సబ్బుతో మెరిసేదాకా తోమాలి. తోమినంక వేలు తగలొద్దు. మన వేలి జిడ్డు చాలు, అక్కడ గీత అంటుకోదు. తర్వాత గీతల బొమ్మను నున్నటి మెరుపు కాగితం మీద లేజర్ ప్రింటర్‌తో తీయించాలి. సిరా ప్రింటర్ పనికిరాదు. లేజర్ ప్రింటర్‌లో, జిరాక్స్ మిషన్‌లో వాడే నల్లపొడిలో ప్లాస్టిక్ ఉంటుంది. వేడి తగిలితే అది కరిగి రాగికి అంటుకుంటుంది. ఈ కిటుకు మొత్తం ఆ నల్లపొడిలోనే ఉంది.

ఆ కాగితాన్ని బొమ్మ రాగి వైపు వచ్చేలా బోర్లా పెట్టి ఇస్త్రీ పెట్టెతో మూడు నుంచి ఐదు నిమిషాలు గట్టిగా ఒత్తాలి. పెట్టెలో నీళ్లు ఉండొద్దు, ఆవిరి రావొద్దు, నూలు బట్టలకు పెట్టేంత వేడి ఉండాలి. అంచులు మరిచిపోకుండా ఒత్తాలి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కాగితాన్ని వేలితో మెల్లగా రుద్దితే ఊడిపోతుంది. నల్ల గీతలు రాగి మీద మిగులుతాయి. ఎక్కడన్నా తెగితే పర్మనెంట్ మార్కర్ పెన్నుతో దిద్దుకోవాలి. మా సంఘంలో ముగ్గులు బాగా వేసే అక్క ఉంది. ఏ బోర్డులో ఏ గీత తెగిందో ఆమె కన్ను పడితే చాలు, పట్టేస్తుంది. బడికి పోలేదు ఆమె.

ఇక్కడే మేం మొదటి తప్పు చేశాం. మన సంఘం రబ్బరు స్టాంపు చూశారు కదా. రబ్బరు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి, కాగితం మీద వేస్తే సరిగా వస్తాయి. ఇదీ అంతే. కాగితం మీద బొమ్మ అద్దంలో కనబడినట్టు తిరగేసి ఉండాలి, అప్పుడే రాగి మీద సరిగా దిగుతుంది. మేం అది చూసుకోలేదు. మూడు రేకులు, రేకుకు ఎనిమిది లెక్కన 24 బోర్డులు తిరగబడి వచ్చాయి. బోర్డు మూలకు రాసుకున్న మా సంఘం పేరు కూడా తిరగబడింది! అప్పు తీసుకున్న మొదటి నెలలోనే ఇట్లయిందని నాకు ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున ఆ అమ్మాయి వచ్చి చూసి నవ్వింది. "అత్తా, ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు వరుసగుంటయి. దాని మొఖం ఇటు నుంచి అటు తిప్పి పెడితే సరిపోతది" అన్నది. తిప్పి పెట్టాం. బ్యాటరీ, బజర్ వైర్లు కూడా చూసి మార్చాం. మోగింది! ఇస్త్రీ సరిగ్గా అంటక గీతలు తెగినవి తొమ్మిది పోగా 15 బోర్డులు పనికొచ్చాయి. వాటి మీద మా పేరు ఇప్పటికీ తిరగేసే ఉంది. మొదటిది మా ఇంట్లోనే పెట్టుకున్నాను.

నల్ల గీతలు అంటుకున్నాక, వాటి కింద తప్ప మిగతా చోట ఉన్న రాగిని కరిగించేయాలి. దానికి ఫెర్రిక్ క్లోరైడ్ అనే మందు వాడతారు. ముదురు గోధుమరంగు నీళ్లలా ఉంటుంది. రాగిని తినేస్తుంది, నల్లపొడి కప్పిన చోటును ముట్టదు. గోరువెచ్చగా ఉండాలి, పళ్లాన్ని మెల్లగా ఊపుతూ ఉండాలి. పావుగంట నుంచి అరగంటలో గీతలు మాత్రం మిగులుతాయి. తర్వాత నీళ్లతో కడిగి, నల్లపొడిని థిన్నర్‌తో తుడిస్తే కింద రాగి బంగారంలా మెరుస్తుంది.

పొడి మందు తెచ్చుకుంటే నీళ్లలో పొడిని కొంచెం కొంచెంగా వేయాలి. పొడి మీద నీళ్లు పోయొద్దు. బాగా వేడెక్కి ఘాటు పొగ వస్తుంది. చేతికి రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చీర మీద చుక్క పడితే ఆ మరక పోదు.

మేం చేసిన రెండో తప్పు ఇది. ప్లాస్టిక్ టబ్బులో పోయమని చెప్తే, ఇంట్లో పాత అల్యూమినియం గిన్నె ఉంది కదా అని అందులో పోశాను. పోసిన నిమిషానికే బుసబుసా పొంగింది. గిన్నె పట్టుకోలేనంత కాలింది. పొగ వచ్చింది. భయపడి అందరం బయటికి ఉరికాం. చల్లారాక వచ్చి చూస్తే గిన్నె అడుగుకు చిల్లులు. మందంతా గచ్చు మీద పారింది. ఆ మరక ఇప్పటికీ ఉంది, మా ఇంటికి వస్తే చూపిస్తాను. ఈ మందు రాగితో పాటు అల్యూమినియాన్ని, ఇనుమును, స్టీలును కూడా తింటుంది. ప్లాస్టిక్ టబ్బు, ప్లాస్టిక్ చెంచా తప్ప ఇంకోటి వాడొద్దు. ఆ టబ్బు మళ్లీ వంటింట్లోకి రావొద్దు.

తర్వాత చిన్న డ్రిల్లుతో బెజ్జాలు. సన్న కాళ్లవాటికి 0.8 మిల్లీమీటర్ల బిట్టు, లావు కాళ్లవాటికి 1 మిల్లీమీటరు బిట్టు. ఆ తర్వాత సామాన్లు పెట్టి సోల్డరింగ్. రెసిస్టర్ల మీద రంగు పట్టీలు ఉంటాయి. గోధుమ, నలుపు, ఎరుపు ఉంటే వెయ్యి ఓములు. గోధుమ, నలుపు, నారింజ ఉంటే పదివేలు. మన ఆడవాళ్లకు గాజుల్లో రంగులు చూడడం రాదా? రెండు రోజుల్లో అందరికీ వచ్చేసింది. చివరికి మల్టీమీటర్ పెట్టి, కలవాల్సిన చోట బీప్ వస్తుందా, కలవకూడని చోట రావట్లేదా అని చూసుకోవాలి.

సోల్డర్ తీగలో సీసం కలిసి ఉంటుంది. పని అయినాక సబ్బుతో చేతులు కడగకుండా ఏదీ తినొద్దు, పాప నోట్లో ముద్ద పెట్టొద్దు. మాలో ఒక చెల్లెలికి అప్పుడు నాలుగో నెల. ఆమెను ఆ పని నుంచి తీసేసి లెక్కల పుస్తకం అప్పజెప్పాం. వచ్చిన దాంట్లో వాటా మాత్రం తగ్గించలేదు.

ఇంతవరకు చెప్పింది తయారీ. ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన సంగతి.

మందు నాలుగైదు సార్లు వాడాక పని తగ్గుతుంది. పచ్చగా, నల్లగా మారుతుంది. అది ఏం చేయాలో నేను ఎవరినీ అడగలేదు. బట్టలు ఉతికిన నీళ్లు పోసినట్టే జాలారులో పోసేశాను. కడిగిన నీళ్లూ అందులోనే. మా జాలారు నీళ్లు ఇంటెనుక కల్యమాకు చెట్టు మొదట్లోకి పోతాయి. మా ఆయన చిన్నగా ఉన్నప్పుడు మా అత్తమ్మ పెట్టిన చెట్టు అది. వాడకట్టు వాడకట్టంతా ఆ చెట్టు ఆకే కోసుకుపోతారు. పది రోజుల్లో ఆకు పసుపు పచ్చబడింది. ఇంకో పది రోజుల్లో మొత్తం రాలింది. మళ్లీ చిగురు రాలేదు.

అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు అనిపించింది. సాయంత్రం చెట్టు కింద నిలబడి మోరీ దిక్కు చూసి, "మన బర్రె గా కింది గుంతలనే గదా నీళ్లు తాగేది" అన్నది. అంతే. నాకు ఒళ్లంతా చల్లబడింది. ఆ గుంతకు ఇరవై అడుగుల దూరంలోనే చేతిపంపు ఉంది. ఆ రోజు నుంచి బర్రెను అటు పోనియ్యలేదు. చెట్టు మొదట్లో మట్టి తవ్వి సంచుల్లోకి ఎత్తాం. పని బంద్ పెట్టాం.

పారబోయకూడదని తెలిసింది కదా, అందుకని మిగిలిన మందును ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి మూలకు పెట్టాం. అది ఇంకా పెద్ద తప్పు. దాని రంగు అచ్చం కూల్‌డ్రింక్ రంగే. నా చిన్న కొడుకు బడి నుంచి వచ్చి, ఎండకు దాహమై సీసా ఎత్తి మూత తిప్పుతున్నాడు. మా అత్తమ్మ చూసి చెయ్యి మీద కొట్టింది. సీసా కింద పడింది. అక్కలారా, ఈ ఒక్క సంగతి చెప్పడానికే నేను ఈ మైకు దగ్గరికి వచ్చాను అనుకోండి. తాగేవాటి సీసాల్లో మందు పోయొద్దు. ఏ మందైనా సరే, పొలం మందైనా సరే.

ఇక ఎవరిని అడగాలి? కాలుష్య నియంత్రణ మండలి వాళ్లను అడగమన్నారు. ఫోన్ చేసి, "సార్, మేం ఊళ్లో మహిళా సంఘపోళ్లం, పీసీబీ పని చేస్తున్నం" అన్నాను. సర్క్యూట్ బోర్డును ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పీసీబీ అనే అంటారు. అటు వైపు సారు, "అమ్మా, పీసీబీ మాది గదా, మీరేం పని చేస్తున్నరు?" అన్నాడు. కాలుష్య నియంత్రణ మండలిని కూడా పేపర్లలో పీసీబీ అనే రాస్తారు! కాసేపు ఆయనకు మా మాట, మాకు ఆయన మాట అర్థం కాలేదు. తర్వాత నవ్వుకున్నాం. కానీ ఆయన గట్టిగానే చెప్పాడు. రాగి కలిసిన ఆ నీళ్లు ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. మోరీలో, చేనులో, చెరువులో పోయకూడదు. అలాంటివాటి కోసం హైదరాబాద్ పక్కన దుండిగల్‌లో కేంద్రం ఉంది, అనుమతి ఉన్నవాళ్ల ద్వారానే అక్కడికి పోవాలి.

కొన్ని డబ్బాల కోసం మేం దుండిగల్ ఎలా పోతాం? పాలిటెక్నిక్ లెక్చరర్ మేడం దారి చూపించింది. వాళ్ల ల్యాబులో కూడా ఇలాంటి నీళ్లు మిగులుతాయి, వాటితో కలిపి మావీ తీసుకుంటామన్నది. ఇప్పుడు మందును, మొదటిసారి కడిగిన నీళ్లను మందమైన ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మీద "విషం" అని పెద్ద అక్షరాలతో రాసి, చదువురానివాళ్ల కోసం పుర్రె బొమ్మ వేసి, తాళం ఉన్న గదిలో పెడుతున్నాం. డబ్బా నిండితే మేడంకు అప్పజెప్పి రిజిస్టరులో సంతకం తీసుకుంటున్నాం.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నట్టు, ఈ పనికి మేం ఐదు నియమాలు రాసి గోడకు అంటించుకున్నాం.

ఒకటి, వంటింట్లో ఈ పని చేయొద్దు. గాలి ఆడే వసారాలో, పిల్లలు బడికి పోయిన టైములోనే చేయాలి.

రెండు, గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్క్ లేనిదే కూర్చోవద్దు.

మూడు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందు దగ్గర, సోల్డరింగ్ దగ్గర ఉండొద్దు.

నాలుగు, చుక్క మందు కూడా మోరీలోకి పోవద్దు. ఎంత తెచ్చాం, ఎంత డబ్బాలోకి పోయింది అనేది పొదుపు లెక్క రాసినట్టే రాయాలి.

ఐదు, ఇంటి కరెంటు మీద, అంటే 230 వోల్టుల మీద నడిచే బోర్డు ఇంట్లో చేసి అమ్మొద్దు. తేడా వస్తే ప్రాణం పోతుంది.

ఇప్పుడు లెక్కలు. ఒక అలారానికి బోర్డు ఖర్చు 10 రూపాయలు. బజర్ 20, ట్రాన్సిస్టర్, రెసిస్టర్లు కలిపి 5, బ్యాటరీ 25, దాని క్లిప్పు 5, వైరు 20, డబ్బా 12, స్టీలు స్క్రూలు 4. మొత్తం 101 రూపాయలు. మేం అమ్మింది 180కి. మిగిలేది 79. సంవత్సరంలో 310 అలారాలు అమ్మాం. అంటే 24,490 రూపాయలు. అందులో చెడిపోయినవి, బస్సు చార్జీలు తీస్తే 19,000 చిల్లర. ఐదుగురికి పంచితే మనిషికి నాలుగు వేలు కూడా రాలేదు. ఇంతేనా అంటారు, అవును, ఇంతే. దీని మీదనే బతకొచ్చని నేను అబద్ధం చెప్పను. అప్పు ఇంకా రెండు కిస్తీలు ఉంది. ఒక్క కిస్తీ కూడా ఆలస్యం కాలేదు.

కానీ ఇంకో ఆదాయం మేం అనుకోనిది వచ్చింది. బోర్డు చేయడం నేర్చుకున్నాక, పాడైన బోర్డు చూస్తే అర్థమవుతుంది. ఊళ్లో చార్జింగ్ లైట్లు, టార్చిలైట్లు, పిల్లల ఆటబొమ్మలు చెడిపోతే మా దగ్గరికి తెస్తున్నారు. ఎక్కువ వాటికి ఏమవుతుంది? ఒక టాకా ఊడిపోతుంది, ఒక వైరు తెగుతుంది. పది నిమిషాల పని. ఇదివరకు పారేసి కొత్తది కొనేవాళ్లం.

చివరగా ఒక గొడవ గురించి చెప్పాలి. దసరా ముందు పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. నెల రోజుల్లో 2,000 బోర్డులు చేసియ్యండి, బోర్డుకు 14 రూపాయలు ఇస్తానన్నాడు. 28,000 రూపాయలు! మా అప్పు మొత్తం దాదాపు ఒక్క నెలలో తీరుతుంది. నేను మేడంను అడిగాను. ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఒక్క రేకు మీద ఉన్న రాగి ఐదు గ్రాములకు కొంచెం తక్కువ. గీతల కింద మిగిలింది పోగా మూడు గ్రాములు కరిగి మందులోకి పోతుంది. 2,000 బోర్డులంటే 250 రేకులు. అంటే ముప్పావు కిలో రాగి. దానికి కిలోల కొద్దీ మందు, బకెట్ల కొద్దీ కడిగిన నీళ్లు. "అన్ని డబ్బాలు మా ల్యాబులో పెట్టుకోలేనమ్మా" అన్నది. ఫ్యాక్టరీల్లో ఈ నీళ్లను శుద్ధి చేసే ఏర్పాటు ఉంటుంది. ఆ ఖర్చు వాళ్లు పెడతారు. ఈ వ్యాపారి ఫ్యాక్టరీకి పోకుండా మా వసారాకు ఎందుకు వచ్చాడో అప్పుడు ఆలోచించాం.

సంఘంలో రాత్రి పదింటిదాకా మాటలు నడిచాయి. ఒక అక్కకు బిడ్డ కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది. ఆమె లేచి నా మొఖం మీదనే అడిగింది, "నీ కల్యమాకు చెట్టు కోసం నా బిడ్డ చదువు ఆగాల్నా?" నా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగింది న్యాయమే. డబ్బులు అవసరమైన మనిషికి నీళ్ల సంగతి చెప్పడం సులువు, వినడం సులువు కాదు. నేను ఒకటే అన్నాను, "అక్కా, ఆ గుంత పక్కన చేతిపంపు నాది కాదు, మనందరిది. నీ బిడ్డ ఫీజు కూడా మనందరిదే అనుకుందాం." చేతులెత్తితే వద్దు అన్నవాళ్లు ఆరుగురు, కావాలన్నవాళ్లు నలుగురు. అదే రాత్రి పొదుపు డబ్బుల్లో నుంచి ఆ అక్కకు అంతర్గత అప్పు రాశాం. బిడ్డ ఫీజు కట్టింది.

వ్యాపారికి, "బోర్డులు ఫ్యాక్టరీలో చేయించి తీసుకురా, సామాన్లు పెట్టి సోల్డరింగ్ మేం చేస్తాం" అని చెప్పాం. ఆయన మళ్లీ రాలేదు. ఆర్డరు పోయింది. నిజం చెప్తున్నా, నాకూ బాధైంది. మూడు నెలల తర్వాత లెక్చరర్ మేడం ద్వారా ఇంకొకరు 200 బోర్డులు, ఫ్యాక్టరీలో చేసినవే, సోల్డరింగ్ కోసం ఇచ్చారు. చిన్న పని, కానీ చుక్క మందు లేదు. ఆ 200లో సగం ఆ అక్కనే చేసింది. మా అందరిలోకి ఆమె టాకానే నున్నగా ఉంటుంది. నా మీద కోపం పూర్తిగా పోయిందో లేదో తెలియదు. అదిగో, రెండో వరుసలో కూర్చుంది, మీరే అడగండి!

కాబట్టి మా అనుభవం మీద నేను చెప్పేది ఇది. ఒకటి, ఐదు, పది బోర్డులు నేర్చుకోవడానికి, కొత్త వస్తువు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి, ఇంట్లో చేసుకోండి. చేస్తేనే ధైర్యం వస్తుంది. వందలు కావాలంటే బోర్డు ఫ్యాక్టరీలో చేయించండి, మన చేతిపని దాని మీద చేయండి. మేం కూడా వచ్చే సంవత్సరం అలారం బోర్డులు అలాగే చేయించాలని తీర్మానం రాసుకున్నాం.

చదువు లేదని మాత్రం వెనక్కి పోవద్దు. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊళ్లో 1972 నుంచి నడుస్తున్న బేర్‌ఫుట్ కాలేజీ ఉంది. అక్కడ బడికి పోని అమ్మమ్మలు సోలార్ లాంతర్ల సర్క్యూట్లు నేర్చుకుని చేస్తున్నారు. వేరే దేశాల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి నేర్చుకుని, వాళ్ల ఊళ్లకు పోయి దీపాలు పెట్టారు. అదే రాజస్థాన్‌లో డుంగర్‌పూర్ జిల్లా గిరిజన మహిళలు ఐఐటీ బాంబే సాయంతో సోలార్ దీపాలు చేసి, సోలార్ ప్యానెళ్లు తయారుచేసే కంపెనీనే పెట్టుకున్నారు. భాష రాకపోయినా రంగులు చూసి నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. మనకెందుకు రాదు?

సమాఖ్యను నేను ఒక్కటే అడుగుతున్నా. మండలంలో ఏ సంఘం ఇలాంటి పని మొదలుపెట్టినా, అది బోర్డులే కావొచ్చు, రంగులద్దకమే కావొచ్చు, ఫినాయిలే కావొచ్చు, అప్పు దరఖాస్తులో ఒక గడి పెట్టండి: "మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయి?" అని. సరుకు ఎక్కడ అమ్ముతారని అడుగుతున్నారు కదా, ఇది కూడా అడగండి. మమ్మల్ని ఎవరన్నా అడిగి ఉంటే, కనీసం మేం ఆలోచించేవాళ్లం.

మా అత్తమ్మ ఎండిన చెట్టు కొట్టేయనియ్యలేదు. ఇంటి ముందు వైపు, జాలారుకు దూరంగా, కొత్త కల్యమాకు మొక్క పెట్టింది. ఇప్పుడు మోకాలెత్తు ఉంది. పక్కింటోళ్లు అప్పుడే ఆకు అడుగుతున్నారు, ఇంకో సంవత్సరం ఆగమంటుంది.

ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే మా ఊరికి రండి. ప్రతి నెలా సంఘం మీటింగు రోజు చూపిస్తాం. ఫీజు ఏమీ లేదు. గ్లౌజులు మాత్రం మీవి మీరే తెచ్చుకోండి.